ఎడమచేతి టంకం

ఆ వానాకాలం మా కొట్టుకి తిరిగొచ్చిన మొదటి సెట్టు ఎదురింటి దర్జీది. బాగుచేసి ఇచ్చి వారం కూడా కాలేదు. రేడియోని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని, చినుకుల్లో పరిగెత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయ్, దీనికేదో పట్టింది," అన్నాడు రొప్పుతూ.

"ఏం పట్టింది? మళ్లీ గరగరా?"

"గరగరైతే వానలో ఎందుకొస్తాను? తగ్గిస్తే పెరుగుతోంది. పెంచితే నోరు మూసుకుంటోంది. పొద్దున మా అత్తగారు పడుకుంది కదా అని తగ్గించబోయాను. పాపం ముసలావిడ మంచం మీంచి ఎగిరిపడింది. ఇంట్లో చెప్పిన మాట వినని వాళ్లు ఇప్పటికే ఇద్దరున్నారు. ఇది మూడోది."

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ప్లగ్గు పెట్టి నాబు ఎడమకి చివరిదాకా తిప్పాను. వార్తలు చదివే ఆయన గొంతు చించుకుని అరిచాడు. కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. కుడికి తిప్పాను. గొంతు సన్నబడి, సన్నబడి, మాయమైంది. నా నవ్వు కూడా దాంతోపాటే పోయింది.

వాల్యూముల గురించి నాన్న నాకు నేర్పిన పాఠం ఒకటుంది. "తిప్పితే గరగరలాడితే మురికి, మందు కొట్టి నాలుగుసార్లు తిప్పు. ఒకచోట శబ్దం మాయమై మళ్లీ వస్తే అరుగుదల, కంట్రోలు మార్చు. ఎంత తిప్పినా తగ్గకపోతే చివరి కాలు ఊడింది, టంకం పెట్టు. తగ్గిస్తే పెరిగి, పెంచితే తగ్గిందనుకో, అది సెట్టు తప్పు కాదు. మనిషి తప్పు." ఈ ఆఖరి ముక్క చెప్పేటప్పుడు నాన్న బల్లకి ఎడమ కొసన కూర్చున్న బాబాయి వైపు చూసేవాడు. బాబాయి పైకప్పు వైపు చూసేవాడు.

నాబు వెనకుండే కంట్రోలుకి మూడు కాళ్లుంటాయి. అటు చివర, ఇటు చివర తీగలు తారుమారు చేసి అతికితే నాబు తలకిందులుగా పనిచేస్తుంది. అంతకుమించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కానీ మా ఇంట్లో ఆ పని చెయ్యగలిగిన మనిషి ఒక్కడే. ఆ మనిషి వేసవి చివర్లోనే పోయాడు.

బాబాయి నాన్నకి తమ్ముడు, పుర్రచేతి వాటం మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "మీ అమ్మ తిట్లే తినలేక చస్తున్నాను, ఇంకొకరి తిట్లకి కడుపులో చోటెక్కడ?" అనేవాడు. అన్నదమ్ములిద్దరూ ముప్ఫై ఏళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, నాన్న కుడి కొసన, బాబాయి ఎడమ కొసన. ఎంత మొండి సెట్టయినా విప్పి రోగం కనిపెట్టడంలో బాబాయి దిట్ట. వాల్యూములు మాత్రం నాన్న ఆయనకి ఇచ్చేవాడు కాదు. "కుడిచేతివాడు నాబు బయటికి తిప్పుతాడు, శబ్దం పెరుగుతుంది. నా చేతికి బయటంటే ఇటు. నేనేం చెయ్యను అన్నయ్యా, చెయ్యి దాని దారిన అది అతికేస్తుంది," అనేవాడు బాబాయి. ఎన్నిసార్లు జాగ్రత్తపడినా ఆయన పెట్టిన వాల్యూము తిరగబడే ఉండేది. చివరికి తన కొసన పరీక్షలకి పెట్టుకున్న ఆంప్లిఫయరుకి మాత్రం తనకి నచ్చినట్టు తిరగేసి అతుక్కున్నాడు. దాన్ని మేమెవరం ముట్టుకునేవాళ్లం కాదు. ముట్టుకుంటే చెవులు బద్దలే.

దర్జీ రేడియోని నాన్న ముందు పెట్టాను. నాన్న విప్పాడు. భూతద్దం కంటికి పెట్టుకుని కంట్రోలు కాళ్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అద్దం తీసి బల్ల మీద బోర్లించాడు.

"ఇది వాడి టంకం," అన్నాడు.

నేనూ చూశాను. నాన్న తీగని కాలికి కుడి నుంచి చుట్టి, మొన మొదలంటా కత్తిరిస్తాడు. బాబాయి ఎడమ నుంచి చుట్టి, చివర గింజంత తోక వదిలేస్తాడు. పిల్లితోక అని మేం ఆటపట్టించేవాళ్లం. రెండు కాళ్లకీ రెండు పిల్లితోకలున్నాయి.

"బాబాయిది ఎలా అవుతుంది నాన్నా? ఈ కంట్రోలు కొత్తది. పోయిన వారం నేనే బజారు నుంచి తెచ్చాను."

నాన్న టంకం పెట్టే ఐరన్‌కి ప్లగ్గు పెట్టాడు. అది వేడెక్కాక కుడిచేత్తో రెండు తీగలూ మార్చి అతికి, మూత బిగించి దర్జీకి ఇచ్చేశాడు.

ఇక ఆ వేసవి రోజు సంగతి. అది చెప్పకుండా ముందుకి పోతే కథ కుంటుతుంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక బాబాయి కొట్టు వెనక తన గదిలో ఒక కునుకు తీసేవాడు. మేం సెట్లు పరీక్షించే వేళా అదే. రోజూ గోడ అవతల నుంచి ఒకటే కేక: "అన్నయ్యా, కాస్త తగ్గించు!" ఆ కేక వినగానే నేను నాబు వెంట్రుకవాసి పెంచేదాన్ని. రెండో కేక వచ్చేది. ఇంకో వెంట్రుకవాసి. మూడో కేక లేదు, తలుపు తోసుకుని బాబాయే వచ్చేవాడు. కళ్లెర్రజేసి నా చెవి మెలిపెట్టి, "తగ్గించమంటే పెంచుతావా ఇంజనీరమ్మా?" అనేవాడు. ఎనిమిదేళ్ల వయసులో గోడగడియారం విప్పి మళ్లీ బిగించలేక ఏడ్చినందుకు ఆయన పెట్టిన పేరది. ఆయన తప్ప ఇంకెవరూ నన్నలా పిలవరు. ఆ ఆట కూడా అప్పటిదే. ఇరవై ఏడేళ్లొచ్చినా మానలేదు, సిగ్గులేకుండా.

ఆ రోజు మొదటి కేక వచ్చింది. పెంచాను. రెండో కేక వచ్చింది. గొంతు వేరుగా ఉంది, నీళ్లలోంచి వచ్చినట్టు. వేరుగా ఉందని నాకు తెలిసింది. తెలిసే పెంచాను. ఇవాళ నటన బాగా కుదిరిందే అనుకున్నాను. తలుపు తోసుకుని ఎవరూ రాలేదు. ఈ పూటకి బాబాయి ఓడిపోయాడని సంబరపడి పనిలో పడ్డాను. నాలుగింటికి అమ్మ టీ తీసుకుని వెళ్తే, సగం మంచం మీద, సగం కింద, చెయ్యి తలుపు వైపు చాచి ఉన్నాడు.

గుండె ఆగిందన్నారు. చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ నాన్న ఒకే మాట చెప్పాడు. "సెట్టు మోగుతోంది. వాడు పిలిచాడో లేదో, మాకు వినపడలేదు." పక్కనే నిలబడి నేను తల ఊపాను. అబద్ధం ఆడ్డానికి నోరు విప్పక్కర్లేదని ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి నాన్న కుంగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. తన సెట్టు రొదలో తమ్ముడి పిలుపు కలిసిపోయిందని ఆయన బాధ. పిలుపు కలిసిపోలేదు నాన్నా, నాకు వినపడింది, నేనే పెంచాను అని ఒక్క మాట అంటే ఆ బరువు ఆయన మీంచి దిగుతుంది. ఆ మాట అనబోయి, 'టీ పెట్టనా' అనేదాన్ని.

దర్జీ తర్వాత మంగలి వచ్చాడు. ఆ తర్వాత వీధి చివర ఉండే పెన్షన్ మేష్టారు. ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు. మేష్టారైతే రేడియోని కాగితంలో చుట్టి దారంతో కట్టి తెచ్చాడు, తోవలో కరుస్తుందేమోనన్నట్టు. "మీ కొట్లో ఏదో తేడాగా ఉందమ్మా," అని గొంతు తగ్గించి చెప్పి, కొట్టు నాలుగు మూలలూ చూసి వెళ్లిపోయాడు. మూత విప్పిన ప్రతి దాంట్లోనూ పిల్లితోకలే.

నాన్న కంట్రోలు పెట్టాక తనే తిప్పి చూసి "బాగుంది" అనేవాడు. అందుకే నేను మళ్లీ చూసేదాన్ని కాదు. ఇప్పుడు ఆయన స్నానానికి వెళ్లగానే సెట్టు తీసి తిప్పి చూసేదాన్ని. తిరగబడి ఉంటే గబగబా తీగలు మార్చేసి మళ్లీ మూత బిగించేదాన్ని. వాల్యూములకి టంకం పెట్టడం అదే మొదలు నాకు. దొంగతనంగా నేర్చుకున్న విద్య.

ఒకరోజు వంటింట్లో అమ్మ నన్ను పట్టుకుంది.

"మీ నాన్న టీ గ్లాసు ఏ చేత్తో పట్టుకుంటున్నాడో చూశావా?"

"లేదు."

"ఎడమచేత్తో. తల దువ్వుకోవడం ఎడమచేత్తో. మధ్యాహ్నం వెళ్లి మీ బాబాయి మంచం మీద పడుకుంటున్నాడు. నిన్న లేపబోతే, 'వదినా, ఇంకొక్క అయిదు నిమిషాలు' అన్నాడే."

"నిద్రమత్తులో ఏదో..."

"నిద్రమత్తులో పెళ్లాన్ని వదినా అనే మొగుణ్ణి నేనెక్కడా చూళ్లేదు." అమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఇద్దరు మగాళ్లున్న ఇల్లు. ఇప్పుడు ఒక్కడిలోనే ఇద్దరూ ఉంటున్నారేమోనని భయంగా ఉంది. ఇలాగే పోతే నా మొగుడు నాకు మిగుల్తాడంటావా?"

అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చెప్పాల్సింది అప్పుడే చెప్పి ఉండాల్సింది. "వాన తగ్గితే అన్నీ సర్దుకుంటాయిలే," అన్నాను. వానకీ దానికీ ఏం సంబంధమో నాకే తెలీదు.

ఆ వారంలోనే వినికిడి తక్కువ పిల్లల బడి నుంచి టీచరమ్మ వచ్చింది. అట్టపెట్టెలో పన్నెండు డబ్బాలు తెచ్చింది. ఒక్కోటీ అరచేతిలో పట్టేంత ఉంది. మెళ్లో వేసుకునే తాడు, చెవులకి పెట్టుకునే ఫోన్లు, పక్కన ఒక నాబు. ఒకటి నుంచి పన్నెండు దాకా ఎర్రరంగుతో అంకెలు వేసి ఉన్నాయి. పాఠం చెప్పేటప్పుడు టీచరు గొంతు పెద్దగా వినిపించడానికి పిల్లలు వాటిని పెట్టుకుంటారట. కంట్రోళ్లన్నీ అరిగిపోయాయి.

"పిల్లలు తిప్పుతూనే ఉంటారండీ," అంది నాన్నతో. "అందుకే ఒక అలవాటు నేర్పించాం. ముందు పూర్తిగా తగ్గించాలి, తర్వాత చెవికి పెట్టుకోవాలి, తర్వాత మెల్లిగా పెంచాలి. మా పిల్లలకి మిగిలిన వినికిడి చాలా కొంచెం. పెద్ద శబ్దం ఒక్కసారి పడితే ఆ కొంచెం కూడా పోతుంది. కాస్త జాగ్రత్తగా చూడండి."

పూర్తిగా తగ్గించి చెవికి పెట్టుకునే పిల్లలు. తగ్గిస్తే పెరిగే డబ్బాలు.

"నేను చేస్తాను నాన్నా ఇవి," అన్నాను.

నాన్న నా వైపు తిరిగి కూడా చూడలేదు. "వాల్యూములు నేనే పెడతాను. ముప్ఫై ఏళ్లుగా నేనే పెడుతున్నాను," అన్నాడు. టీచరమ్మ ఎల్లుండి పొద్దున పదింటికి వస్తానని చెప్పి వెళ్లింది.

లాక్కుని చెయ్యొచ్చు. కానీ చేతిలో పని లాగేస్తే ఆ మనిషి ఇంకేం మిగులుతాడు? అదే నా భయం. చెయ్యనిచ్చి, అన్నీ అయ్యాక ఒక్కొక్కటీ నా చెవికే పెట్టుకుని చూడాలని నిర్ణయించుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వాన మొదలైంది. పొద్దున్నుంచీ నాన్న బల్ల దగ్గరే ఉన్నాడు. మూడు గంటలప్పుడు టీ పట్టుకుని కొట్టులోకి వెళ్లాను. గుమ్మంలోనే ఆగిపోయాను.

నాన్న బల్లకి ఎడమ కొసన, బాబాయి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వీపు నా వైపు ఉంది. బాబాయి ఆంప్లిఫయరు మోగుతోంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ పెట్టలేదు. నాన్న ఎడమచేతిలో ఐరన్ ఉంది. ఏదో కూనిరాగం తీస్తూ అతుకుతున్నాడు. కూనిరాగాలు తియ్యడం నాన్న ఎరగడు. ఆ చెయ్యి ఎక్కడా తడబడడంలేదు. నాన్న కుడిచెయ్యి ఏడాదిగా వణుకుతోంది. ఈ ఎడమచెయ్యి వణకడంలేదు. అయిన డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి, ఏడో అంకె దాకా.

"నాన్నా, టీ."

పలకలేదు.

"నాన్నా."

కూనిరాగం ఆగలేదు. వాన చప్పుడుకి వినపడలేదేమోనని ఇంకాస్త గట్టిగా పిలిచాను. మెడ కూడా తిప్పలేదు. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట ఎందుకొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

"బాబాయ్."

"ఊఁ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "అక్కడ పెట్టు ఇంజనీరమ్మా."

గ్లాసు బల్ల మీద పెట్టాను, ఎలాగో. పారిపోదామనుకున్నాను, కాళ్లు కదల్లేదు. కదలకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. మూడు నెలలుగా ఈ పిలుపు కోసం నా చెవులు వాచిపోయాయి.

"బాబాయ్, నీకొక మాట చెప్పాలి," అన్నాను.

ఎడమచెయ్యి ఐరన్ని స్టాండులో పెట్టింది. ఆంప్లిఫయరు నాబు పట్టుకుని లోపలికి, ఆ చేతి లోపలికి, మెల్లిగా తిప్పింది. పాట సన్నబడి ఆగిపోయింది. కొట్టులో వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

"తగ్గించాను. చెప్పు."

చెప్పాను. రెండుసార్లూ వినపడిందని చెప్పాను. రెండోసారి గొంతు మారిందని తెలిసి కూడా పెంచానని చెప్పాను. వచ్చి చెవి మెలిపెడతావని ఎదురుచూశాను బాబాయ్ అన్నాను. తర్వాత ఏడుపే వచ్చింది.

ఆ వీపు కదల్లేదు. తప్పు చేసిన పిల్లల్ని వెనకేసుకొచ్చేటప్పుడు బాబాయి మాట్లాడే ఆ తేలిక గొంతుతో, "నేనూ అంత గట్టిగా ఏం పిలవలేదులే," అన్నాడు.

తర్వాత చెయ్యి ఎనిమిదో డబ్బా అందుకుంది.

నేను వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి పక్కన కూలబడ్డాను. అమ్మ ఏమైందని అడిగింది. పొగ కళ్లలో పడిందన్నాను. పొయ్యి వెలిగించే లేదు.

సాయంత్రం ఆరింటికి కొట్టులోకి తొంగి చూశాను. నాన్న లేడు. తన గదిలో ముసుగుతన్ని నిద్రపోతున్నాడని అమ్మ చెప్పింది. పన్నెండు డబ్బాలూ బల్ల మీద బారుగా ఉన్నాయి. టీ గ్లాసు ఖాళీ అయి, ఎడమ కొసన బోర్లించి ఉంది. తాగిన గ్లాసు బోర్లించే అలవాటు మా ఇంట్లో ఒక్కరికే ఉండేది.

ఫోన్లు చెవికి కొంచెం ఎడంగా పట్టుకుని, డబ్బాలోంచి వాన చప్పుడు వింటూ, మొదటిది తగ్గించాను. అరుపు. రెండోదీ అంతే. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ఏడుకి ఏడూ తిరగబడే ఉన్నాయి. ఒక్కటి నా కళ్లు గప్పి వెళ్లినా ఒక పిల్ల చెవిలో మిగిలిన ఆ కొంచెమూ పోయేది.

ఎనిమిదోది పట్టుకున్నాను. పళ్లు బిగించి పూర్తిగా తగ్గించాను. నిశ్శబ్దం. మెల్లిగా కుడికి తిప్పాను. చీమ నడిచినట్టు మొదలై, బుద్ధిగా మెట్టు మెట్టుగా పెరిగింది. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు. అన్నీ తిన్నగానే ఉన్నాయి.

ఎనిమిదో డబ్బా మూత విప్పాను. ఎడమ నుంచి చుట్టిన తీగలు. గింజంత తోకలు. అది ఎవరి చేతి పనో చెప్పడానికి భూతద్దం అక్కర్లేదు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా వాల్యూము తిన్నగా అతకలేకపోయిన చెయ్యి అది. ఆ సాయంత్రం అయిదు డబ్బాలు తిన్నగా అతికింది.

బాబాయి స్టూలు మీద కూర్చోవడానికి ధైర్యం చాల్లేదు. నిలబడే ఏడు డబ్బాలూ సరిచేశాను. ఏడ్చి వాచిన కళ్లతో టంకం పెట్టడం మంచిది కాదు. అయినా ఒక్కటీ తప్పు పోలేదు.

పొద్దున ఎనిమిదింటికి నాన్న వచ్చి తన స్టూలు మీద, కుడి కొసన కూర్చున్నాడు. జ్వరం దిగిన మనిషిలా మొహం తేటగా ఉంది. డబ్బాల వైపు చూశాడు.

"నా వెనక నువ్వు సరిచేస్తున్నావని తెలుసే," అన్నాడు. "నీ టంకం నాకు తెలీదా? నిన్నటివి ఎన్ని తిరగబడ్డాయి?"

దాచి లాభంలేదు. "ఏడు."

నాన్న తల ఊపాడు. "అన్నీ తిరగబడ్డాయన్నమాట."

"అన్నీ ఎక్కడ? మిగతా అయిదూ బాగానే ఉన్నాయి కదా."

"మిగతా అయిదూ ఏమిటి?" నాన్న నా మొహంలోకి చూశాడు. "నేను చేసింది ఏడే. ఏడోది అవగానే కళ్లు బైర్లు కమ్మి వెళ్లి పడుకున్నాను. మిగతావి పొద్దున లేచి చేద్దామని ఇప్పుడొచ్చాను."

"మరి నేను టీ తెచ్చినప్పుడు..."

"టీ ఎప్పుడు తెచ్చావు?"

ఇద్దరం బోర్లించిన గ్లాసు వైపు చూశాం. దాన్ని కడగడానికి నేను ముట్టుకోలేదు. నాన్న గ్లాసు వైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. నేను అడగలేదు. ఆయన పడుకున్నది ఎన్నింటికో అమ్మని అడిగితే తేలిపోయేది. అదీ అడగలేదు, ఈనాటికీ.

ఒకటి మాత్రం తెలిసిపోయింది. నిన్న నేను చెప్పిన మాట నాన్న వినలేదు. విన్నవాళ్లు వేరు. కాబట్టి మళ్లీ చెప్పాలి, ఈసారి వీపుతో కాదు, మొహంతో.

"నాన్నా, ఆ రోజు బాబాయి పిలిచాడు," అన్నాను. "రెండుసార్లు. నాకు వినపడింది. నేను ఆటనుకుని పెంచాను. రెండోసారి గొంతు తేడాగా ఉన్నా పెంచాను. నీకు వినపడలేదని నువ్వు కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను."

నాన్న కళ్లజోడు తీశాడు. పంచె కొంగుతో తుడిచాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

"వినపడకపోవడం ఏమిటే," అన్నాడు. "నీ పక్కనే కదా కూర్చున్నాను."

నాకు అర్థం కాలేదు.

"రెండుసార్లూ వినపడింది. రెండోసారి గొంతు నాకూ తేడాగానే అనిపించింది. తలెత్తి నీ వైపు చూశాను. నువ్వు పెంచుతున్నావు." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకోలేదు. "పెంచుతుంటే చూసి నవ్వాను. వాడిప్పుడు వస్తాడు చూడు అనుకున్నాను. వాడు రాలేదు. నలుగురిలో వినపడలేదని చెప్పాను. నువ్వు తలూపావు. నా పరువు కాపాడ్డానికి ఊపావనుకున్నాను. నా కూతురు నా అబద్ధాన్ని మోస్తోందని ఇన్నాళ్లూ నీ మొహం చూళ్లేకపోయాను."

మూడు నెలలుగా ఒకే రాయిని ఇద్దరం చెరో గదిలో మోశాం. నాన్న ఏడవడం నేను అదే మొదటిసారి చూడ్డం. శబ్దం లేకుండా ఏడ్చాడు. వంటింట్లోంచి వచ్చి అమ్మ గుమ్మంలో నిలబడింది. ఏమీ అడక్కుండా వచ్చి, ఇద్దరి తలల మీదా ఒక్కో చెయ్యి వేసింది.

పదింటికి టీచరమ్మ వచ్చింది. పన్నెండు డబ్బాలూ ఆమె ఎదుట మళ్లీ ఒక్కొక్కటీ నా చెవికి పెట్టుకుని చూపించాకే అట్టపెట్టెలో సర్దాను. "ఇంత జాగ్రత్త ఎక్కడా చూళ్లేదండీ," అంది. నాన్న నన్ను చూపించి, "ఇక నుంచి మా కొట్లో వాల్యూములన్నీ ఈ అమ్మాయే పెడుతుంది," అన్నాడు.

ఆ తర్వాత తిరగబడ్డ సెట్టు ఒక్కటీ మా కొట్టుకి రాలేదు. నాన్న టీ గ్లాసు మళ్లీ కుడిచేతికి మారింది. అమ్మని వదినా అని ఎవరూ పిలవలేదు. దర్జీ మాత్రం ఇప్పటికీ మా దగ్గర ఏది బాగుచేయించుకున్నా రెండు వైపులా తిప్పి చూసుకుని, అత్తగారి పేరు తలుచుకునే తీసుకెళ్తాడు.

బాబాయి ఆంప్లిఫయరు మాత్రం బల్లకి ఎడమ కొసన అలాగే ఉంది. దాన్ని మేం సరిచెయ్యలేదు. పొద్దున నాన్న దాన్ని పెడతాడు. మధ్యాహ్నం బాబాయి కునుకు తీసే వేళకి మా ఇద్దరిలో ఎవరో ఒకరం ఎడమచెయ్యి చాచి, లోపలికి తిప్పి తగ్గిస్తాం. కొన్ని రోజులు పనిలో పడి మర్చిపోతాం. గుర్తొచ్చి తలెత్తేసరికి అది అప్పటికే తగ్గి ఉంటుంది. నేను తగ్గించలేదని నాన్న అనడు. నేనూ అనను.